0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్: రెండు వారాలకు మంచిది, స్కేలింగ్‌కు (పళ్ల గార తీసే క్లీనింగ్‌కు) బదులు కాదు

చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని మెడికల్ షాపులో చెబితే చాలాసార్లు చేతిలో పెట్టేది ఈ సీసానే. మందుగా దీనికి వంక పెట్టలేం. పుక్కిలించి ఉమ్మేశాక కూడా పంటికీ చిగురుకీ అంటుకుని గంటల తరబడి పనిచేస్తుంది. అందుకే రోజుకు రెండుసార్లు చాలు.

ఎక్కువమంది వాడే తీరులోనే తప్పు ఉంది. బ్రష్ చేసిన వెంటనే పుక్కిలిస్తారు. పేస్టులో నురగ తెప్పించే సోడియం లారిల్ సల్ఫేట్ ఈ మందును పట్టేసి పనికిరాకుండా చేస్తుంది. కనీసం అరగంట ఆగాలి. ఇది వాడాక టీ, కాఫీ తాగితే పళ్ల మీద గోధుమరంగు మరకలు పడతాయి. కాబట్టి ఉదయం టిఫిన్, టీ అయ్యాక నోరు నీళ్లతో కడుక్కుని, అప్పుడు వాడడం మేలు. మూతతో 10 మి.లీ. కొలిచి, లేబుల్ మీద చెబితే తప్ప నీళ్లు కలపకుండా, నిమిషం పాటు పళ్ల సందుల్లోకి వెళ్లేలా పుక్కిలించి ఉమ్మేయాలి. చేదు పోవాలని వెంటనే నీళ్లతో కడిగితే మందు కూడా పోతుంది.

కొన్నాళ్లు వాడితే కూరలో ఉప్పు తక్కువైనట్టు అనిపిస్తుంది. మానేస్తే రుచి తిరిగి వస్తుంది. మరకలు పాలిషింగ్‌తో పోతాయి. గార మాత్రం కొంచెం ఎక్కువగానే పేరుకుంటుంది.

అసలు చిక్కు వేరే ఉంది. ఆరోగ్యంగా ఉన్న చిగురుకూ పంటికీ మధ్య సందు 1 నుంచి 3 మి.మీ. లోతు ఉంటుంది. జబ్బు ముదిరితే 5, 6 మి.మీ. పాకెట్ అవుతుంది. పుక్కిలించిన మందు అంత లోపలికి దిగదు. పైన వాపు తగ్గి రక్తం ఆగుతుంది, లోపల ఎముక కరగడం ఆగదు. నయమైందనుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లడం వాయిదా వేస్తారు. పళ్లు కదలడం మొదలయ్యాక వచ్చేవాళ్లలో ఇలాంటివాళ్లు ఉండడం నిజంగా బాధాకరం. సిగరెట్ తాగేవాళ్ల చిగుళ్ల నుంచి రక్తం మామూలుగానే తక్కువగా వస్తుంది కాబట్టి వాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి.

పాకెట్ ఉందో లేదో అద్దంలో తెలియదు. మి.మీ. గీతలున్న సన్నని ప్రోబ్‌తో ప్రతి పంటికీ ఆరుచోట్ల మెల్లగా కొలవాలి, ఎముక ఎంత తగ్గిందో ఎక్స్‌రేలో చూడాలి. చిగురు కింద గార ఉంటే మత్తు ఇచ్చి పంటి వేర్ల దాకా శుభ్రం చేస్తారు. 6 నుంచి 12 వారాల్లో మళ్లీ కొలుస్తారు. షుగర్ ఉంటే అదీ అదుపులోకి రావాలి, లేకపోతే చిగురు సరిగా మానదు. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయన్న భయం వద్దు. వాపు తగ్గి, గార ఊడాక అప్పటికే ఉన్న సందులు బయటపడతాయి, అంతే.

ఈ సీసా చోటు ఆ వైద్యం తర్వాత, బ్రష్ చేయలేని కొద్దిరోజుల్లో. చిగుళ్ల ఆపరేషన్ అయ్యాక దీనికి సాటి వచ్చేది దాదాపు లేదు. ఉమ్మేయడం రాని చిన్నపిల్లలకు ఇవ్వకూడదు. దీనివల్ల ఒకసారి దద్దుర్లు గానీ వాపు గానీ వచ్చినవాళ్లు మళ్లీ ముట్టకూడదు. అరుదే అయినా ఆ అలర్జీ ప్రాణం మీదకు రావచ్చు.

రెండు వారాలకు 280 మి.లీ. పడుతుంది, అంటే 150 మి.లీ. సీసాలు రెండు. మూడోది కొనే ముందు ప్రోబ్‌తో కొలిపించుకోండి.