సున్నపురాయి చూడ్డానికి సముద్రం దాటి వెళ్ళాను: బారాటాంగ్ ఒక రోజు టూర్

విశాఖ స్టీల్ ప్లాంట్‌లో రా మెటీరియల్స్ విభాగంలో ముప్పై రెండేళ్ళు చేశాను. జగ్గయ్యపేట నుంచి వచ్చే సున్నపురాయి వ్యాగన్లు టిప్లర్‌లో బోర్లా పడుతుంటే ఆ దుమ్ము ఎంత మింగానో ఆ దేవుడికే తెలియాలి. అలాంటివాణ్ణి రిటైరయ్యాక సొంత డబ్బులు పెట్టి, విమానమెక్కి, పడవెక్కి, కిలోమీటరున్నర అడవిలో నడిచి మళ్ళీ సున్నపురాయే చూసొచ్చాను. కూర్మన్నపాలెంలో ఎవరు కనిపించినా మా ఆవిడ ఇదే చెప్పి నవ్వుతోంది.

సంక్రాంతి అయ్యాక మేమిద్దరం, మా వియ్యాలవారిద్దరూ కలిసి అండమాన్ వెళ్ళాం. విశాఖ పోర్టు నుంచి అప్పుడప్పుడూ ఓడ ఉంటుంది, దాంట్లో వెళ్దామని నా కోరిక. రెండు రోజులకు పైగా నీళ్ళ మీదే అని తెలిసేసరికి మా వియ్యపురాలు చెల్లెమ్మగారు మాటే మానేశారు. చెన్నై మీదుగా విమానంలోనే వెళ్ళాం. ద్వారకానగర్‌లో మేడ మీదున్న ఒక ట్రావెల్ ఆఫీసువాళ్ళు మొత్తం ఏర్పాటు చేశారు. మిగతా రోజుల సంగతి వదిలేయండి. అందరూ వెళ్ళే బీచ్‌లే, బాగానే ఉన్నాయి. ఈ రివ్యూ బారాటాంగ్ అనే అండమాన్ దీవికి వెళ్ళొచ్చిన రోజు గురించే, ఎందుకంటే దానికి విడిగా నలుగురికీ కలిపి 13,000 కట్టించుకున్నారు. కారు, పడవ, పర్మిట్లు, రెండు పూటల తిండి అందులోనే.

వాళ్ళిచ్చిన కాగితంలో నాలుగు ఐటెమ్‌లు ఉన్నాయి: సున్నపురాయి గుహలు, మడ్ వాల్కనో, చిలకల దీవి, జరావా ఆదివాసుల దర్శనం. ఆ నాలుగోది చదివినప్పుడే ఏదోలా అనిపించింది. దర్శనమేంటి, వాళ్ళేమైనా గుళ్ళో విగ్రహాలా? అప్పుడే అడిగి ఉండాల్సింది, అడగలేదు.

రాత్రి రెండున్నరకి లేవాలి. నాకది కొత్త కాదు, పొద్దుటి ఎ షిఫ్ట్ ఉన్నప్పుడు నాలుగింటికే లేచేవాణ్ణి. బావగారికి అనకాపల్లిలో బెల్లం వ్యాపారం, పొద్దున ఎనిమిదికి ముందు ఆయనకి లోకమే లేదు. వియ్యాలవారం కదా, ఒకర్నొకరు "తొందరగా రండి" అనలేం. నేను తలుపు దగ్గర నిలబడి గొంతు సవరించుకుంటూ గడిపాను. మూడున్నరకి బయల్దేరాల్సిన కారు నాలుగింటికి కదిలింది. ఇందులో ఆఫీసువాళ్ళ తప్పేం లేదు.

డ్రైవర్ మా మాటలు విని, "ఏటి మావయ్యా, వైజాగేనేటి?" అన్నాడు. వాళ్ళ తాతది సోంపేట దగ్గరట, ఇతను పుట్టింది పోర్ట్ బ్లెయిర్‌లోనే. ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అని మార్చారు గానీ అతను మాత్రం పోర్ట్ బ్లెయిర్ అనే అంటున్నాడు. సోంపేట ఎప్పుడూ చూడలేదట, యాస మాత్రం చెక్కు చెదరలేదు. ఈ టూర్‌లో పెట్టిన ప్రతి రూపాయికీ న్యాయం చేసిన మనిషి ఇతనొక్కడే.

జిర్కటాంగ్ చెక్‌పోస్ట్ చేరేసరికి ఇంకా చీకటే. ముందు బళ్ళు బారులు తీరి ఉన్నాయి. ఆధార్ జిరాక్సులు పట్టుకుని డ్రైవరే వెళ్ళి ఫారాలు నింపించుకొచ్చాడు. ఇడ్లీ వేడిగా ఉంది, సాంబారులో పప్పు కోసం వెతుక్కోవాలి. బాత్రూమ్ పని ఉంటే ఇక్కడే ముగించుకోండి. ఆరింటికి కాన్వాయ్ కదిలాక గంటన్నర దాకా ఎవరి కోసమూ, దేనికోసమూ బండి ఆపరు. ఆడవాళ్ళ వైపు క్యూ పొడుగ్గా ఉంటుంది కాబట్టి టిఫిన్ కంటే ముందు ఆ పని చూసుకోవడం మంచిది.

జరావాల అడవి మధ్యలోంచి వెళ్ళే రోడ్డు ఇది. ముందూ వెనకా పోలీసు బండ్లు, మధ్యలో మనం. ఫోటోలు తీయకూడదు, అద్దం దించకూడదు, తినేవేవీ విసరకూడదు. 2011 జనాభా లెక్కల్లో వాళ్ళు 380 మంది. బయటివాళ్ళతో కలవడం మొదలైన కొత్తలోనే, 1999లో, వాళ్ళలో తట్టు వ్యాపించింది. ఈ రోడ్డు మూసేయమని 2002లో సుప్రీం కోర్టు చెప్పింది, రోడ్డు ఇంకా నడుస్తూనే ఉంది. ఇదంతా నేను వెళ్ళొచ్చాక చదివి తెలుసుకున్నది. వెళ్ళేటప్పుడు మాత్రం నేనూ అందరిలాగే అద్దానికి ముక్కు ఆనించి కూర్చున్నాను. ఒక మలుపు దగ్గర ఇద్దరు పిల్లలు, ఒక పెద్దావిడ కనిపించారు. ముందు బండిలో ఎవరిదో చెయ్యి ఫోన్‌తో పైకి లేచింది. మా డ్రైవర్ అద్దంలోంచి నా వైపు చూసి, "ఆళ్ళూరు మావయ్యా ఇది, మనమే దారిన పోయేవోళ్ళం" అన్నాడు. నేను ముక్కు వెనక్కి తీసుకున్నాను. ఆ ఆఫీసువాళ్ళు కాగితంలోంచి ఆ నాలుగో ఐటెమ్ తీసేయాలి. ఈ రివ్యూ వాళ్ళు చదివితే ఇదొక్కటైనా చేయండి.

మిడిల్ స్ట్రెయిట్ అనే జలసంధి దగ్గర బస్సులూ కార్లూ మనుషులూ అంతా కలిపి ఒకే ఫెర్రీ ఎక్కుతారు. గోదావరి జిల్లాల్లో పంటు చూసినవాళ్ళకి వింతేం కాదు. అవతల జెట్టీలో స్పీడ్‌బోట్ ఎక్కాలి. లైఫ్ జాకెట్ తప్పనిసరి. బావగారికి సరిపోయేది దొరకడానికి మూడు మార్చారు.

ఈ పడవ ప్రయాణం మటుకు చెప్పి తీరాలి. మొదట ఇరవై నిమిషాలు వెడల్పాటి కాలువలో ముఖం మీద నీళ్ళు కొడుతూ దూసుకెళ్ళింది. చెల్లెమ్మగారు కళ్ళు మూసుకుని గోవింద నామాలు అందుకున్నారు. తర్వాత పడవ పక్కకు తిరిగి సన్నటి పాయలోకి దూరింది. ఇంజిన్ తగ్గించారు. రెండు వైపులా మడ చెట్లు, పైన కొమ్మలు కలిసిపోయి పందిరి వేసినట్టున్నాయి. వేళ్ళు నీళ్ళలోంచి పైకి లేచి, మోకాళ్ళ మీద నిలబడ్డట్టు ఉన్నాయి చెట్లు. నీళ్ళు ముదురాకుపచ్చ. వెలుతురు చిల్లర పైసల్లా అక్కడక్కడ పడుతోంది. ఈ నీళ్ళలో ఉప్పునీటి మొసళ్ళుంటాయి, చెయ్యి బయట పెట్టొద్దని పడవవాడు రెండుసార్లు హెచ్చరించాడు. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవి నేను చూశాను. అక్కడ చెక్క వంతెన మీద మనం నడుస్తూ అడవిని చూస్తాం. ఇక్కడ అడవి మన నెత్తిమీదికి వంగి మనల్ని చూస్తుంది. గోవింద నామాలు ఎప్పుడు ఆగాయో ఎవరూ గమనించలేదు. ఆ పాయలో ఉన్నది ఐదు నిమిషాలో ఏడు నిమిషాలో. ఆ 13,000లో పది వేలు దానికే రాసుకున్నాను.

దిగాక గుహల దాకా కిలోమీటరున్నర నడక. మధ్యలో చిన్న ఊరు, నిమ్మరసం అమ్మే కొట్టు ఉన్నాయి. మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, మెల్లగా నడిచి వచ్చేసింది. కర్ర ఉంటే ఇంకా నయం, వేళ్ళు అడ్డం పడతాయి. గుహ సంగతి నిజం చెప్పనా? బొర్రా గుహలు చూసినవాళ్ళకి ఇది వాకిలంత. బొర్రాలో ఆ ఎత్తు, ఆ విశాలం, మెట్లు, రంగు లైట్లు! ఇక్కడ టార్చిలే. పడవవాడే గైడ్ అవతారమెత్తి "యే హాథీ, యే కమల్" (ఇది ఏనుగు, ఇది కమలం) అంటూ రాళ్ళ మీద లైటు వేస్తాడు. బొర్రాలో శివలింగం చూపించినట్టే.

అయితే ఆ టార్చి వెలుతురులోనే నాకొక సంగతి కనబడింది. పైనుంచి దిగిన ఒక రాతి కొసన నీటి చుక్క వేలాడుతోంది. వాన నీరు సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగించుకుని దిగి, ఇక్కడ చుక్కగా ఆగి, కాస్త సున్నం వదిలి పడిపోతుంది. అలా వేల ఏళ్ళకి ఈ రాయి. మా ప్లాంట్‌లో అయితే గూడ్సు రైలు మొత్తం రాయినీ గంటల్లో కన్వేయర్ ఎక్కించేవాళ్ళం. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఖనిజంలోని మలినాలను పట్టుకుని స్లాగ్‌గా తేలేది ఈ రాయేనని బావగారికి చెబుతుంటే, హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రాళ్ళు నలుగురు పక్కన చేరి వింటున్నారు. పడవవాడికి కాస్త కోపం వచ్చినట్టుంది. చేతులు తగిలిన చోట రాయి నల్లబడిపోయింది. దయచేసి ముట్టుకోకండి. చేతి జిడ్డు అంటుకుంటే అక్కడ కొత్త సున్నం పట్టదు.

మడ్ వాల్కనో దగ్గర చిన్న కంచె, లోపల బూడిద రంగు బురద. భూమి లోపల కుళ్ళిన పదార్థం నుంచి పుట్టే గ్యాసు బురదని పైకి తోస్తుందట. లావా లేదు, పొగా లేదు. మేమున్న పావుగంటలో నాలుగు బుడగలు వచ్చాయి. బావగారు ఆ రోజంతా ఏమీ విమర్శించని మనిషి. కంచె పట్టుకుని చాలాసేపు చూసి, "మా బెల్లం పెనం ఇంతకంటే బాగా ఉడుకుద్ది బావగారూ" అన్నారు.

భోజనం ఆవపిండి వేసిన చేపల పులుసు, అన్నం, పప్పు. మాకు నచ్చింది. ఆ రోజు శనివారం, చెల్లెమ్మగారు నీచు ముట్టరు. ఆవిడకి పప్పు, ఉల్లిపాయ ముక్కలు. బుక్ చేసేటప్పుడే చెప్పాం, రాసుకున్నారు కూడా. అక్కడ మాత్రం ఎవరికీ తెలియదు.

ఇక చిలకల దీవి. గుంపులు గుంపులుగా చిలకలు ఆ దీవికి చేరేది సాయంత్రం, పొద్దు గుంకే వేళకి. పోర్ట్ బ్లెయిర్ వైపు చివరి కాన్వాయ్ మధ్యాహ్నం మూడింటికే. అది తప్పితే రాత్రి అక్కడే ఉండాలి. అంటే ఒక్క రోజు టూర్‌లో వెళ్ళినవాళ్ళకి చిలకలు కనిపించే దారే లేదు. కాగితంలో మాత్రం బొమ్మతో సహా ఉంది. డ్రైవర్ని అడిగితే తల గోక్కుని, "అందరూ అడుగుతారు మావయ్యా" అన్నాడు. ఐదున్నరకే చీకటి పడుతుండగా పోర్ట్ బ్లెయిర్ పొలిమేరల్లోకి వస్తుంటే, రోడ్డు పక్కన కరెంటు తీగ మీద రెండు చిలకలు కనిపించాయి. మా ఆవిడ లెక్కపెట్టి మరీ చెప్పింది.

విశాఖ వచ్చాక ద్వారకానగర్ ఆఫీసుకి వెళ్ళి ఆ కాగితం బల్ల మీద పెట్టాను. చిలకలు ప్రకృతి కదా సార్, గ్యారంటీ ఇవ్వలేం అన్నాడు. కాన్వాయ్ టైమ్ ప్రకృతి కాదు కదయ్యా అన్నాను. టీ తెప్పించాడు, డబ్బులు మాత్రం వెనక్కి ఇవ్వలేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళు బారాటాంగ్‌లో ఒక రాత్రి ఉండేలా మాట్లాడుకోండి. శనివారాలు చేసేవాళ్ళు శనివారం పెట్టుకోకండి. ఆధార్ జిరాక్సులు మనిషికి రెండు పట్టుకెళ్ళండి.