మెటీరియల్స్ అన్ని ఫైళ్లలో ఒకేలా ఉండాలంటే: టెంప్లేటా, లైబ్రరీయా, తల్లి ఫైలా?

ఒకే ప్రాజెక్టుకి నాలుగు రెవిట్ ఫైళ్లు (రెవిట్ అంటే భవనాల మోడల్ చేసే సాఫ్ట్‌వేర్). నాలుగింటిలోనూ తాండూరు రాయి ఉంది, కానీ నాలుగు పేర్లతో ఉంది. టవర్ ఫైల్లో "తాండూర్ బ్లూ", క్లబ్‌హౌస్‌లో "స్టోన్ ఫ్లోర్ న్యూ", బేస్‌మెంట్లో "స్టోన్ ఫ్లోర్ న్యూ 2", ల్యాండ్‌స్కేప్ ఫైల్లో ఎవరో ఇంటర్న్ అప్పటికి పని గడవడానికి పెట్టిన "డిఫాల్ట్ ఫ్లోర్ కాపీ". అన్నీ లింక్ చేసి మెటీరియల్ టేకాఫ్, అంటే ఏ సరుకు ఎంత కావాలో చెప్పే పట్టిక, తీస్తే ఒకే రాయి నాలుగు వరసల్లో వచ్చింది. కోకాపేట సైట్ నుంచి ఫోన్: "సార్, మొత్తం రాయి ఎంతండీ, ఆర్డర్ పెట్టాలి." క్యాలిక్యులేటర్ తీసుకుని నాలుగూ కూడి చెప్పాను. ముప్పై ఏళ్ల క్రితం డ్రాఫ్టింగ్ టేబుల్ మీదైనా ఇంతే చేసేవాళ్లు కదా అనిపించింది.

మాది కొండాపూర్‌లో ఏడుగురు పనిచేసే చిన్న ఆఫీసు. పెద్ద కంపెనీల్లోలాగా దీనికోసమే ఒక బిమ్ మేనేజర్‌ని, అంటే మోడల్ ఫైళ్ల బాగోగులు చూసే మనిషిని, పెట్టుకునే స్తోమత లేదు. అమీర్‌పేటలో రెవిట్ నేర్చుకుని వచ్చిన పిల్లలు మోడలింగ్ చకచకా చేస్తారు, అందులో వంక పెట్టడానికి లేదు, కానీ ఒక మెటీరియల్‌ని పది ఫైళ్లలో ఒకేలా ఉంచడం ఎలాగో అక్కడ ఎవరూ చెప్పరు. మూడేళ్లలో మేం అన్ని దారులూ తొక్కాం కాబట్టి ఏది ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ ముంచుతుందో రాస్తున్నాను. ఎక్కువగా రెవిట్ గురించే, చివర్లో అలాంటి సాఫ్ట్‌వేర్లే అయిన ఆర్కిక్యాడ్, స్కెచప్ సంగతి కొంచెం.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. రెవిట్లో మెటీరియల్ అంటే ఒక్క వస్తువు కాదు. ఐడెంటిటీ అంటే పేరు, వివరణ, ధర, కీనోట్ (డ్రాయింగ్‌లో రాసే కోడ్). గ్రాఫిక్స్ అంటే డ్రాయింగ్‌లో కనపడే రంగు, హ్యాచ్ (గీతల నింపుడు). అపియరెన్స్ అంటే రెండర్‌లో, అంటే ఫోటోలా తీసే చిత్రంలో, కనపడే బొమ్మ. ఇవి కాక ఫిజికల్, థర్మల్. మీకు ఉమ్మడిగా కావలసింది షెడ్యూల్ (లెక్కల పట్టిక), డ్రాయింగ్ అయితే ఒక దారి, రెండర్ అయితే ఇంకో దారి. చాలామంది రెండర్ గురించే ఆలోచించి లైబ్రరీ వైపు వెళ్తారు, మేమూ అలాగే వెళ్లాం.

టెంప్లేట్‌తో మొదలుపెడదాం, దాని గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఆర్‌టీఈ ఫైల్లో, అంటే రెవిట్ టెంప్లేట్ ఫైల్లో, మీ మెటీరియల్స్ అన్నీ సర్ది పెడితే కొత్త ప్రాజెక్టు శుభ్రంగా పుడుతుంది. అంతే, పుట్టిన రోజుతో దాని పని అయిపోయింది. మర్నాడు టెంప్లేట్‌లో మీరు గ్రానైట్ హ్యాచ్ మార్చినా నిన్న మొదలైన ప్రాజెక్టుకి ఆ కబురు అందదు. టెంప్లేట్ తప్పకుండా ఉండాలి, కానీ అదొక్కటే చాలనుకుంటే ఆరు నెలలకి మళ్లీ మొదటికే వస్తారు. ఇంకో మాట, వెయ్యి మెటీరియల్స్ దాంట్లో కుక్కకండి. మా మొదటి టెంప్లేట్‌లో మేం ఎన్నడూ వాడని కలప రకాలే ముప్పై దాకా ఉండేవి, వాటి మధ్య అసలు కావలసిన టేకు దొరికేది కాదు.

లైబ్రరీ సంగతి. మెటీరియల్ బ్రౌజర్లో కింద ఎడమవైపు చిన్న మెనూ ఉంటుంది, అందులో కొత్త లైబ్రరీ సృష్టిస్తే ఏడీఎస్‌కేలిబ్ ఎక్స్‌టెన్షన్‌తో ఒక ఫైల్ తయారవుతుంది. దాన్ని సర్వర్లో పెట్టి అందరి మెషిన్లలోనూ తెరిపిస్తే, పైకి చూడ్డానికి సమస్య తీరిపోయినట్టే ఉంటుంది. ఆ ఫైల్ ఉన్న ఫోల్డర్‌ని ఒక్కరికి తప్ప మిగతావాళ్లకి చదవడానికి మాత్రమే ఇస్తే ఎవరూ పాడుచేయలేరు కూడా. బాగుంది కదా. మేమూ మూడు వారాలు కూర్చుని దాదాపు రెండు వందల మెటీరియల్స్ పెట్టాం, చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ నుంచి ఏఏసీ బ్లాక్ దాకా.

తిరకాసు ఏమిటంటే అది కొట్టు లాంటిది, కుళాయి లాంటిది కాదు. కొట్టు నుంచి సరుకు తెచ్చుకున్నాక ఆ సరుకు మీ ఇంటిదే, కొట్లో బియ్యం మారిస్తే మీ డబ్బాలో బియ్యం మారవు. లైబ్రరీ నుంచి ప్రాజెక్టులోకి లాగిన మెటీరియల్ ఒక కాపీ మాత్రమే, రెండింటికీ ఆ తర్వాత సంబంధం లేదు. లైబ్రరీలో రంగు మార్చి, ప్రాజెక్టులో ఎందుకు మారలేదని మా జూనియర్ ఒకతను ఒక పూటంతా రెవిట్ మూసి తెరుస్తూ కూర్చున్నాడు పాపం. అతన్ని ఏమనగలం, నేను కూడా మొదట్లో అది లింకే అనుకున్నాను.

కాబట్టి లైబ్రరీని నేను రెండర్ కోసం, అరుదుగా వాడే మెటీరియల్స్ కోసం మాత్రమే ఉంచుతాను. అక్కడి నుంచి ఏదైనా తెచ్చుకున్నప్పుడు గ్రాఫిక్స్ ట్యాబ్‌లో హ్యాచ్ ఒకసారి చూసుకోండి, నమ్మేసి ముందుకెళ్లకండి.

ఇక ట్రాన్స్‌ఫర్ ప్రాజెక్ట్ స్టాండర్డ్స్, అంటే ఒక ఫైల్లోని సెట్టింగులని ఇంకోదాంట్లోకి తెచ్చే కమాండ్. మేనేజ్ ట్యాబ్‌లో ఉంటుంది. రెండు ఫైళ్లూ ఒకే రెవిట్ విండోలో తెరిచి ఉండాలి, దేనినుంచి తేవాలో ఎంచుకుని, మెటీరియల్స్ అన్నచోట టిక్ పెట్టి ఓకే కొట్టాలి. నిమిషంలో పని అయిపోతుంది, ఆ వేగమే దాని గొప్ప, ప్రమాదమూ అదే. ఎందుకంటే "ఈ మూడు మెటీరియల్స్ చాలు" అని చెప్పే వీలు దానిలో లేదు. మెటీరియల్స్ అంటే గంపగుత్తగా అన్నీ వస్తాయి. వాల్ టైప్స్ మాత్రమే టిక్ పెట్టినా వాటిలో వాడిన మెటీరియల్స్ వెంట వస్తాయి, అదీ గుర్తుండాలి.

అవే పేర్లు ఇక్కడా ఉంటే రెవిట్ ఒక ప్రశ్న అడుగుతుంది: ఓవర్‌రైటా, న్యూ ఓన్లీనా? న్యూ ఓన్లీ అంటే లేనివే తెస్తుంది, ఉన్నవాటిని ముట్టుకోదు. ఓవర్‌రైట్ అంటే మీ ఫైల్లోదాన్ని చెరిపేసి అవతలి ఫైల్లోది పెడుతుంది. నేను ఇంతకుముందు పనిచేసిన ఆఫీసులో ఒక రాత్రి పదింటికి, మర్నాడు ఉదయం క్లయింట్ మీటింగ్ పెట్టుకుని, ఒకరు కంగారులో ఓవర్‌రైట్ కొట్టి, అందరూ కలిసి పనిచేసే సెంట్రల్ ఫైల్‌కి సింక్ చేసేశారు. పాత ప్రాజెక్టులో "స్టోన్ ఫ్లోర్" అంటే లేత పసుపు రాయి, దీంట్లో నీలం తాండూరు. కారిడార్లు, వరండాలు, మెట్లు, ఒక్క దెబ్బకి అన్నీ పచ్చగా అయిపోయాయి. సింక్ అయిపోయాక అన్‌డూ ఏముంటుంది. తెల్లారేదాకా కూర్చుని బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చాం, ఆ రోజు తాగిన ఇరానీ చాయ్ లెక్క ఎవరూ వేయలేదు.

పేరు ఒకటై సరుకు వేరైతే ఇలాగే అవుతుంది. సరుకు ఒకటై పేర్లు వేరైతే మొదట చెప్పిన టేకాఫ్ గొడవ. రెండు జబ్బులకీ మందు ఒకటే, పేర్లు ఒక పద్ధతిలో పెట్టుకోవడం. మేం ముందు రకం, తర్వాత రాయి పేరు, ఆ తర్వాత ఫినిష్ రాస్తాం: స్టోన్-తాండూరు బ్లూ-రఫ్, స్టోన్-తాండూరు బ్లూ-పాలిష్, టైల్-విట్రిఫైడ్-600 బై 1200. "న్యూ", "ఫైనల్", "కాపీ" అన్న మాటలు పేరులో కనపడితే సోమవారం ఉదయం వాళ్ల చేతే చాయ్ తెప్పిస్తాం.

ఇప్పుడు మేం వాడుతున్న దారి, నా ఓటు పడేది దీనికే. తల్లి ఫైల్ అని మేమే పేరు పెట్టుకున్నాం. అదొక మామూలు ఆర్‌వీటీ ఫైల్, అంటే రెవిట్ ప్రాజెక్టు ఫైల్. అందులో ఒక్కో మెటీరియల్‌కి మీటరు చదరపు ఫ్లోర్ ముక్క ఒకటి గీసి, పక్కన ట్యాగ్ పెట్టి, రకాల వారీగా వరసలుగా పేర్చాం. టైల్స్ షోరూంలో గోడకి అతికించిన శాంపిల్స్‌లాగా ఉంటుంది చూడ్డానికి. ప్రాజెక్టులో కడప రాయి కావాలా, తల్లి ఫైల్ తెరిచి ఆ ముక్కని కాపీ చేసి ఇక్కడ పేస్ట్ చేస్తే మెటీరియల్ వచ్చేస్తుంది, ఆ తర్వాత ఆ ముక్క తీసేసినా మెటీరియల్ ఉండిపోతుంది. కావలసిందొక్కటే వస్తుంది, మిగతా వంద రావు. అదే పేరుతో ఇక్కడ ముందే ఉంటే మాత్రం ఇక్కడిదే నిలుస్తుంది, రెవిట్ ఆ సంగతి చెప్తుంది కూడా, అంటే పొరపాటున ఏదీ చెరిగిపోదు.

మరి మెటీరియల్ నిజంగానే మారితే, అంటే టెక్స్‌చర్ పెయింట్ షేడ్ మారిందనుకోండి, అప్పుడు కాపీ పేస్ట్ పనికిరాదు, ఓవర్‌రైటే కావాలి. అప్పుడు తల్లి ఫైల్‌ని వేరే పేరుతో సేవ్ చేసి, మారిన ఒకటి రెండు మెటీరియల్స్ తప్ప మిగతావన్నీ డిలీట్ చేసి, ఆ చిన్న ఫైల్ నుంచి ట్రాన్స్‌ఫర్ కొట్టి ఓవర్‌రైట్ అనండి. అందులో ఉన్నవే రెండు కాబట్టి చెరిగేవీ ఆ రెండే. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, నిద్ర పడుతుంది. సెంట్రల్ ఫైల్ అయితే ముందు అందరినీ సింక్ చేసి వదిలేయమని కేకేయండి, లేకపోతే ఫలానా మెటీరియల్ ఇంకొకరి చేతిలో ఉందని మధ్యలో ఆగిపోతుంది.

వెర్షన్ గురించి ఒక జాగ్రత్త. కొత్త రెవిట్లో సేవ్ చేసిన ఫైల్ పాతదాంట్లో తెరుచుకోదు. మా దగ్గర ఒక హాస్పిటల్ జాబ్ ఇంకా 2022లోనే నడుస్తోంది, మిగతావి 2024. అందుకే తల్లి ఫైల్‌ని అన్నిటికంటే పాత వెర్షన్‌లోనే ఉంచాం. 2024లో తెరిస్తే అప్‌గ్రేడ్ అవుతుంది, కావలసింది తీసుకుని సేవ్ చేయకుండా మూసేస్తాం. ఒకసారి ఎవరో అలవాటుగా సేవ్ కొట్టారు, హాస్పిటల్ టీం వాళ్లకి తల్లి లేకుండా పోయింది ఆ వారం. అప్పటి నుంచి దానికీ రీడ్ ఓన్లీ పెట్టాం.

ఏ దారిలో వెళ్లినా రెండు గుంతలు మాత్రం తప్పవు. మొదటిది చెయ్యి బొమ్మ. అపియరెన్స్ ట్యాబ్‌లో పైన చిన్న చెయ్యి గుర్తు, దాని మీద ఒక అంకె ఉంటుంది, ఎవరూ చూడరు. ఒక అపియరెన్స్‌ని ఎన్ని మెటీరియల్స్ పంచుకుంటున్నాయో ఆ అంకె చెప్తుంది, సున్నా ఉంటే మీదొక్కటే. మా ఇంటర్న్ అమ్మాయి కిచెన్ అరల కోసం కడప రాయి చేయాలని బ్లాక్ గ్రానైట్‌ని డూప్లికేట్ చేసి, పేరు మార్చి, అపియరెన్స్‌లో బొమ్మ మార్చింది. "అన్నా, నేను కడప ఒక్కటే ముట్టుకున్నా, ప్లాట్‌ఫామ్ గ్రానైట్ కూడా ఎందుకు మారింది?" అని వచ్చింది. నిజమే, తను ముట్టుకున్నది కడపనే, కానీ రెండూ ఒకే అపియరెన్స్‌ని పట్టుకుని వేలాడుతున్నాయి. బొమ్మ మార్చే ముందు డూప్లికేట్ దిస్ అసెట్ అన్న బటన్ నొక్కి దాన్ని విడదీయాలి. ఇలాంటి జంటలు తల్లి ఫైల్లోనే ఉంటే ప్రతి ప్రాజెక్టుకీ అంటుకుంటాయి, అందుకే అక్కడ ఒక్కోటీ తెరిచి ఆ అంకె చూడటానికి నేను ఒక శనివారం ఖర్చుపెట్టాను.

రెండోది టెక్స్‌చర్ బొమ్మలు. రెవిట్ ఆ బొమ్మని ఫైల్లో దాచుకోదు, అదెక్కడుందో దారి మాత్రమే రాసుకుంటుంది. ఎవరో డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న జేపీజీని వాడితే వాళ్ల మెషిన్లో రెండర్ అద్భుతంగా, మిగతా ఆరుగురి దగ్గర బూడిద రంగులో వస్తుంది. బొమ్మలన్నీ సర్వర్లో ఒకే ఫోల్డర్లో పెట్టి, ఆప్షన్స్‌లో రెండరింగ్ కింద అదనపు దారుల జాబితాలో ఆ ఫోల్డర్ చేర్చాలి. ఈ సెట్టింగ్ ఫైల్‌లో ఉండదు, మెషిన్‌లో ఉంటుంది, కాబట్టి ఏడు మెషిన్లలోనూ చేయాలి, కొత్తగా ఎవరు చేరినా మొదటి రోజే చేయాలి. టెంప్లేటా లైబ్రరీయా అని తలలు బద్దలు కొట్టుకునే ముందు ఇదొక్కటి చేసినా సగం టెన్షన్ తగ్గుతుంది.

ఆర్కిక్యాడ్ వాడేవాళ్లకి పని కొంచెం సులువు. అట్రిబ్యూట్ మేనేజర్‌లో రెండు ఫైళ్ల జాబితాలు పక్కపక్కన పెట్టుకుని కావలసినవే ఏరుకుని పంపొచ్చు, రెవిట్‌లో లేనిది సరిగ్గా అదే. కాకపోతే అక్కడ పేరుతో పాటు ఇండెక్స్ నంబర్ అనే వ్యవహారం ఒకటుంది. ఇండెక్స్ మీద ఓవర్‌రైట్ చేస్తే, ఒక ఫైల్లో 105 ఇటుక, ఇంకోదాంట్లో 105 గాజు అయితే గోడలన్నీ గాజువైపోతాయి. పేరు మీద చేయడమే మేలు.

స్కెచప్‌లో టెక్స్‌చర్ ఫైల్లోనే కూర్చుంటుంది, అందుకని బొమ్మ పోయిందన్న బాధ లేదు, ఎస్‌కేఎం ఫైళ్లని (స్కెచప్ మెటీరియల్ ఫైళ్లని) ఒక ఫోల్డర్లో పెట్టి అందరూ వాడుకోవచ్చు. కానీ బయటి నుంచి సోఫాలు, చెట్లు దించుకున్నకొద్దీ వాటి మెటీరియల్స్ కూడా దిగి, జాబితా చాంతాడంత అవుతుంది. అక్కడా లింక్ ఏమీ లేదు, కాపీలే.

ఇద్దరు ముగ్గురే ఉన్న ఆఫీసు అయితే తల్లి ఫైల్ కూడా వద్దు, మంచి టెంప్లేట్, సర్వర్లో బొమ్మల ఫోల్డర్, పేర్ల పద్ధతి చాలు. ఐదుగురు దాటితే తల్లి ఫైల్ పెట్టుకోండి, దాన్ని మార్చే హక్కు ఒక్కరికే ఇవ్వండి. మా దగ్గర ఆ ఒక్కరు నేనే. మొన్న సంక్రాంతికి ఊరెళ్తే రాజమండ్రి బస్సులో ఉండగా ఫోన్, "అన్నా, షాబాద్ రాయి తల్లి ఫైల్లో లేదు, పాస్‌వర్డ్ చెప్తావా?" చెప్పలేదు. ప్రాజెక్టులోనే పద్ధతి ప్రకారం పేరు పెట్టి చేసుకోమన్నాను, వచ్చాక తల్లి ఫైల్లోకి నేనే ఎక్కించాను. చెయ్యి మీద అంకె చూస్తే రెండు ఉంది.