నాలుగు సెల్లుల కెమెరా ప్యాక్: రెండు ఎండకాలాలు వాడినంక

కెనాన్ 1300డీ, 1500డీ, 3000డీ వాడేవాళ్లందరి బాధ ఒకటే. లోపల వేసే ఎల్‌పీ-ఈ10 బ్యాటరీ 860 ఎంఏహెచ్, అంటే ఆరున్నర వాట్-అవర్లు కూడా లేదు. వీడియో పెడితే సుమారు గంటంబావులో ఖతం. చెరువుగట్టు జాతరలో రాత్రంతా తీయాలన్నా, సాగర్ గేట్లు ఎత్తిన రోజు పొద్దంతా టైమ్‌లాప్స్ పెట్టాలన్నా జేబులో నాలుగైదు బ్యాటరీలు ఉండాల్సిందే. పైగా మూత కెమెరా అడుగున ఉంటుంది. బ్యాటరీ మార్చిన ప్రతిసారీ ట్రైపాడ్ మీద ఫ్రేమ్ కదులుతుంది. ఇంట్లో కట్టిన 18650 (గుండ్రటి లిథియం) సెల్లుల ప్యాక్ నల్గొండలో రెండు ఎండకాలాలు ఆ పని చేసింది. సెల్లులతో ఇబ్బంది రాలేదు. సతాయించినవి వైరూ, జాకూ.

లెక్క ఇదీ. 2,600 ఎంఏహెచ్ సెల్లులు నాలుగు. రెండేసి ప్యారలల్‌లో (ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్) కలిపి, ఆ రెండు జతలను సిరీస్‌లో (ఒకదాని ప్లస్‌కు ఇంకోదాని మైనస్) కట్టాలి. 7.2 వోల్టులు, 5,200 ఎంఏహెచ్, దాదాపు 37 వాట్-అవర్లు వస్తాయి. నిండుగా చార్జ్ అయితే 8.4 వోల్టులు. కెనాన్ సొంత చార్జర్ కూడా 8.3 వోల్టులు ఇస్తుంది కాబట్టి నేరుగా కెమెరాకు ఇవ్వొచ్చు. మూడు సెల్లులు సిరీస్‌లో పెట్టి బక్ కన్వర్టర్ బోర్డుతో వోల్టేజీ తగ్గించే పద్ధతి చాలామంది చెబుతారు, నాకు నచ్చదు. ఆ కన్వర్టర్ షార్ట్ అయితే 12 వోల్టులు కెమెరా లోపలికే పోతాయి. మామూలు పవర్ బ్యాంకు ఇచ్చేది 5 వోల్టులే. దాన్ని పెంచుకుని వాడినా, టైమ్‌లాప్స్‌లో ఫొటోకూ ఫొటోకూ మధ్య కరెంటు తక్కువగా లాగడంతో లోడ్ లేదనుకుని చాలావరకు దానంతటదే ఆగిపోతుంది.

సెల్లుల మీద 9,900 అని రాసి ఉంటే ముట్టుకోవద్దు. మంచి కంపెనీలవి మామూలుగా 2,500 నుంచి 3,500 మధ్యే ఉంటాయి. బంగారు దుకాణంలో జోకించి చూడండి: అసలు సెల్ 45 గ్రాముల దగ్గర తూగుతుంది, 35 కూడా రాకపోతే అది డూప్లికేట్. ప్యారలల్‌లో కలిపే ముందు రెండు సెల్లుల వోల్టేజీ తేడా 0.05 లోపల ఉండాలి. లేకపోతే నిండిన సెల్ నుంచి ఖాళీ సెల్‌లోకి ఒక్కసారిగా కరెంటు దూకుతుంది.

సెల్‌కు నేరుగా సోల్డరింగ్ పెట్టొద్దు, ఆ వేడికి లోపలి సీల్ దెబ్బతింటుంది. కోఠి గుజరాతీ గల్లీలో నికెల్ స్ట్రిప్ తెచ్చుకుని, ఎలక్ట్రిక్ బండ్ల బ్యాటరీలు బాగుచేసే దుకాణంలో స్పాట్ వెల్డింగ్ చేయించండి. నికెల్ పేరుతో పూత వేసిన ఇనుము కూడా అమ్ముతారు. చిన్న ముక్కను గీకి ఉప్పు నీళ్లలో రాత్రంతా పెడితే తెల్లారేసరికి తుప్పు పట్టి బయటపడుతుంది. ప్లస్ బొడిపె చుట్టూ ఉండే అంచు మైనసేనని చాలామందికి తెలియదు. అక్కడ బార్లీ పేపర్ (కరెంటు పారని కాగితం) రింగు వేయకపోతే స్ట్రిప్ రాసుకుని షార్ట్ అవుతుంది.

బీఎంఎస్ బోర్డు (సెల్లులను కాపాడే సర్క్యూట్) 2ఎస్‌ది, అంటే సిరీస్‌లో రెండు జతలకు సరిపోయేది, 5 ఆంపియర్లకు తగ్గకుండా, బ్యాలెన్సింగ్ (రెండు జతలనూ సమానంగా ఉంచేది) ఉన్నది తీసుకోండి. ముందు బీ-మైనస్ (ప్యాక్ మైనస్), తర్వాత మధ్య వైరు (రెండు జతలు కలిసే చోటిది), చివరికి బీ-ప్లస్ (ప్యాక్ ప్లస్) అతికించాలి. అంతా సరిగ్గా కట్టినా ఔట్‌పుట్ సున్నా చూపిస్తే బోర్డు పోయిందని కంగారు పడొద్దు, 8.4 వోల్టుల చార్జర్ ఒక్కసారి తగిలిస్తే చాలా బోర్డులు మేల్కొంటాయి. సెల్లుల ప్లస్ దగ్గరే 3 ఆంపియర్ల ఫ్యూజ్ వేయండి. చార్జింగ్‌కు లిథియం చార్జరే వాడాలి, ఇంట్లో పడి ఉన్న 9 వోల్టుల అడాప్టర్ పనికిరాదు.

ఇక వైరు సంగతి. ప్యాక్ నుంచి కెమెరాకు కరెంటు పోయేది డమ్మీ బ్యాటరీ ద్వారా, అంటే అసలు బ్యాటరీ ఆకారంలోనే ఉండి దాని చోట పెట్టే, వైరున్న ఖాళీ డబ్బా. దానితో వచ్చే వైర్లు చాలావరకు సన్నవి. ఏడబ్ల్యూజీ (వైరు మందం కొలత, అంకె పెరిగితే వైరు సన్నం) 26 వైరు మీటరున్నర పొడవుంటే పోనూ రానూ మూడు మీటర్లు, 0.4 ఓమ్. ఫోకస్ మోటార్ తిరిగేటప్పుడు ఒకటిన్నర ఆంపియర్ లాగిందంటే 0.6 వోల్టులు వైరులోనే పోతాయి. ప్యాక్‌లో 7 వోల్టులున్నా కెమెరాకు అందేది 6.4. ఎర్ర బ్యాటరీ గుర్తు మెరిసి ఆగిపోతుంది, తప్పు సెల్లుల మీదికి పోతుంది. ఏడబ్ల్యూజీ 20 సిలికాన్ వైరు వేసినంక ఆ నష్టం 0.15కి దిగింది.

జాక్ ఇంకో తలనొప్పి. పైకి అన్నీ 5.5 ఎంఎం, లోపలి పిన్ను కొన్నిటికి 2.1, కొన్నిటికి 2.5. 2.5 రంధ్రం ఉన్న ప్లగ్ 2.1 పిన్ను మీదికి హాయిగా ఎక్కుతుంది కానీ లూజుగా నిలుస్తుంది. కొంచెం కదిలితే కెమెరా ఆఫ్, వీడియో ఫైల్ మూసుకోక తెరవడానికి రాదు. రెండు వైపులా కోసేసి ఎక్స్‌టీ30 కనెక్టర్ పెడితేనే ఈ జబ్బు పోయింది. డమ్మీని కెమెరాలో పెట్టే ముందు మల్టీమీటర్‌తో ప్లస్, మైనస్ చూసుకోండి. జాక్ లోపలి పిన్ను ప్లస్సే అన్న గ్యారంటీ లేదు.

వీడియోలో ఐదున్నర నుంచి ఆరు గంటలు వస్తుంది, క్లిప్ 29 నిమిషాల 59 సెకన్లకు ఆగితే మళ్లీ నొక్కుకుంటూ. ప్యాక్‌కు తగిలించిన వోల్ట్‌మీటర్‌లో 6.6 కనబడగానే ఆపేయాలి. ఆ వోల్ట్‌మీటర్‌కు నొక్కితేనే వెలిగే స్విచ్ పెట్టండి. 15 మిల్లీఆంపియర్లే కదా అని వదిలేస్తే రెండు వారాల్లో ప్యాక్ మొత్తం తాగేస్తుంది.

రోహిణి కార్తెలో చార్జింగ్ రాత్రిపూటే. లిథియం సెల్ చార్జింగ్‌కు పైహద్దు 45 డిగ్రీలు, ఇక్కడి మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద అంతకు మించే ఉంటుంది. బయట తీసేటప్పుడు ప్యాక్‌ను ట్రైపాడ్ నీడలో కట్టి, నల్లటి స్లీవ్ మీద తెల్ల గుడ్డ చుట్టాలి. మూడు నెలలకోసారి మధ్య వైరు దగ్గర రెండు జతలూ కొలవండి. ఒకటి 4.20, ఇంకొకటి 4.05 ఉంటే, ప్యాక్ నుంచి మిగతావన్నీ ఊడదీసి తక్కువున్న జతను టీపీ4056 మాడ్యూల్‌తో (4.2 వోల్టుల చిన్న లిథియం చార్జర్ బోర్డు) విడిగా నింపండి.