విశాఖ లోక్‌సభ స్థానం గోడపట్టిక: 180 రూపాయల సరుకు, మూడు పెద్ద తప్పులు

ద్వారకానగర్‌లో పోటీ పరీక్షల పుస్తకాలు అమ్మే ఒక దుకాణంలో పోయిన నెల 180 రూపాయలు పెట్టి ఒక గోడపట్టిక కొన్నాను. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న మందపాటి కాగితానికి లామినేషన్ చేసి, పైన 'విశాఖపట్నం లోక్‌సభ నియోజకవర్గం, 1952 నుంచి 2024 వరకు' అని పెద్ద అక్షరాలతో అచ్చువేశారు. సాంఘిక శాస్త్రం చెప్పుకొని బతికేవాణ్ణి, పైగా రెండు ఎన్నికల్లో ప్రిసైడింగ్ ఆఫీసరుగా రాత్రంతా పెట్టెల పక్కన కూర్చున్నవాణ్ణి కనుక, ఇటువంటి వస్తువు కనిపిస్తే కొనకుండా రాలేను. నెల రోజులు మా చదువుల గది గోడకు వేలాడదీసి, పిల్లల చేత చదివించి, నేనూ అడ్డంగా నిలువుగా సరిచూసిన తర్వాత ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ప్రచురించినవారు ఊళ్ళోని చిన్న వ్యాపారులు. తప్పులు దిద్దుతామని మాట ఇచ్చారు కనుక పేరు రాయడం లేదు.

ముందుగా మెచ్చుకోవలసినది చెబుతాను. పట్టిక ఎడమవైపున విజేతల పేర్లను ఒకే నిలువు వరుసలో, పార్టీ రంగు గడుల్లో పేర్చారు. ఈ వరుసను పైనుంచి కిందికి ఒక్కసారి చూస్తే చాలు, ఈ సీటు స్వభావం అర్థమవుతుంది. 1977లో ఉత్తరాదిన జనతా గాలి వీచినా ఇక్కడ కాంగ్రెస్ అభ్యర్థి ద్రోణంరాజు సత్యనారాయణ గెలిచారు. 1980లో కొమ్మూరు అప్పలస్వామి అదే పార్టీని నిలబెట్టారు. 1984లో భాట్టం శ్రీరామమూర్తితో తెలుగుదేశం వచ్చింది. అక్కడి నుంచి 1989లో ఉమా గజపతిరాజు, 1991లో ఎం.వి.వి.ఎస్. మూర్తి, 1996లోనూ 1998లోనూ టి. సుబ్బరామిరెడ్డి, 1999లో మళ్ళీ మూర్తి, 2004లో మాజీ ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి, ఇలా రెండు రంగులూ అష్టాచెమ్మా ఆడినట్టు మారిపోతూ ఉంటాయి. 1967 తర్వాత ఇక్కడ వరుసగా రెండుసార్లు గెలిచిన వ్యక్తి సుబ్బరామిరెడ్డి ఒక్కరేనని, మూడుసార్లు గెలిచినవారు అసలు లేనే లేరని ఈ రంగుల వరుస చెప్పకనే చెబుతుంది. పుస్తకంలో నాలుగు పేజీలు తిప్పితే తప్ప తెలియని సంగతిని తొమ్మిదో తరగతి పిల్ల గోడ దగ్గర నిలబడి అర నిమిషంలో పట్టేసింది. పట్టికకు నేనిచ్చే మార్కుల్లో సగం దీనికే.

ఇక తప్పుల దగ్గరికి వద్దాం. అన్నిటికంటే నన్ను నొప్పించినది మొదటి గడిలోనే ఉంది. 1952కు ఎదురుగా లంకా సుందరం పేరు ఒక్కటే వేశారు. విశాఖ అప్పటికింకా మద్రాసు రాష్ట్రంలో ఉంది, ఆ ఎన్నికల్లో ఇది ద్విసభ్య నియోజకవర్గం. స్వతంత్రుడిగా గెలిచిన లంకా సుందరంతో పాటు, మరో స్వతంత్రుడిగా గాం మల్లుదొర కూడా ఇక్కడి నుంచే లోక్‌సభకు వెళ్ళారు. ఆయన అల్లూరి సీతారామరాజు అనుచరుడు. మన్యం తిరుగుబాటులో పాల్గొని, స్వతంత్ర భారతదేశపు తొలి లోక్‌సభలో కూర్చున్న మనిషి. ఏక సభ్య స్థానమైన 1957 నుంచి వాడిన నమూనా గడినే 1952కూ వాడేశారు. అందులో ఒక్క పేరే పట్టింది, రెండో పేరు జారిపోయింది. పొరపాటు ఎలా జరిగిందో అర్థమైంది గాని, అల్లూరి విగ్రహాలు వీధికొకటి ఉన్న జిల్లాలో, ఆ దళం మనిషే మన ఎంపీగా ఉన్నారన్న సంగతి ఎగిరిపోవడం నాకు మింగుడుపడలేదు.

రెండో తప్పు ఫొటోల విషయంలో జరిగింది. 1957, 1962, 1971 మూడింటికీ 'పూసపాటి గజపతిరాజు' అని రాసి, ఒకే ముఖచిత్రం మూడుసార్లు అతికించారు. నిజానికి 1957లో సోషలిస్టుగా గెలిచింది పి.వి.జి. రాజు, 1960 ఉప ఎన్నికలోనూ 1962లోనూ కాంగ్రెస్ తరఫున గెలిచింది ఆయన పినతండ్రి విజయానంద గజపతిరాజు, అంటే 1936 ఇంగ్లండ్ పర్యటనలో భారత క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించిన 'విజ్జీ'. 1971లో కాంగ్రెస్ అభ్యర్థిగా తిరిగి వచ్చినది పి.వి.జి. రాజు. ఒకే ముఖం చూసిన మా ఇంటర్ కుర్రవాడొకడు "మాస్టారూ, ఈయన అయిదేళ్ళలో సోషలిస్టు నుంచి కాంగ్రెస్‌కి మారిపోయారా?" అని అడిగాడు. ఫొటో తప్పే గాని, వాడి ప్రశ్న సగం సరైనదే. అబ్బాయి పి.వి.జి. రాజు గారు పార్టీ మారిన మాట నిజం, మధ్యలో ఉన్న 1962 గడి మాత్రం బాబాయి విజ్జీ గారిది. ఈ చిక్కు విప్పి చెప్పడానికి నాకు ఒక పీరియడు పట్టింది. 1960 ఉప ఎన్నిక ఊసే పట్టికలో లేదు.

1962, 1971 గడుల మధ్యలో ఉన్న 1967 గడి మాత్రం బాగుంది. విశాఖ ఉక్కు ఉద్యమంలో ముందు వరుసలో నిలిచిన తెన్నేటి విశ్వనాథం స్వతంత్రుడిగా గెలిచిన సంవత్సరమది. 1966 నవంబరు 1న నగరంలో పోలీసు కాల్పులు జరిగాయన్న ఒక్క వాక్యాన్ని పేరు పక్కన చిన్న అక్షరాల్లో వేశారు. కొన్ని నెలల తేడాతో వచ్చిన ఆ ఎన్నికలో జనం ఏ మనసుతో ఓటేసి ఉంటారో ఊహించుకోవడానికి అది చాలు. తెన్నేటి పార్కుకు ఐస్‌క్రీము కోసం వెళ్ళే పిల్లలకు ఆ పేరు ఎవరిదో తెలిసింది.

మూడో తప్పు గుర్తులది. కాంగ్రెస్ గెలిచిన ప్రతి గడిలోనూ హస్తం బొమ్మ వేసేశారు. 1962లో ఆ పార్టీ గుర్తు కాడెద్దులు, 1971లోనూ 1977లోనూ ఆవూ దూడా. హస్తం కనిపించేది 1980 నుంచి. నా చిన్నతనంలో మా నాయనమ్మ ఓటు వేసి వచ్చి "దూడకే గుద్దానురా" అని చెప్పేది. ఆవిడకు అభ్యర్థి పేరు తెలుసో లేదో నాకు తెలియదు, దూడ మాత్రం తెలుసు. గుర్తును చూసి ఓటు వేసిన తరాల చరిత్ర రాస్తూ గుర్తునే తప్పు వేస్తే ఇంక మిగిలేదేమిటి?

కుడివైపున మెజారిటీల రేఖాచిత్రం ఉంది. గత మూడు ఎన్నికలను అడ్డు పట్టీలుగా గీశారు, కొలత తప్పలేదు. స్కేలు పెట్టి చూశాను. 2024లో తెలుగుదేశం అభ్యర్థి ఎం. శ్రీభరత్, బొత్స ఝాన్సీ లక్ష్మిపై సాధించిన 5,04,247 ఓట్ల మెజారిటీకి 20 సెంటీమీటర్ల పట్టీ. 2014లో బీజేపీ అభ్యర్థి కంభంపాటి హరిబాబు, వై.ఎస్. విజయమ్మపై గెలిచిన 90,488కి మూడున్నర సెంటీమీటర్లు. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి ఎం.వి.వి. సత్యనారాయణ ఇదే శ్రీభరత్‌పై గెలిచిన 4,414కు రెండు మిల్లీమీటర్లు కూడా లేదు; అచ్చులో సిరా చుక్క పడిందనుకొని మావాడొకడు గోటితో గీకాడు.

చూడడానికి ఇది అద్భుతంగా ఉంది గాని, అడగవలసిన ప్రశ్నకు జవాబు ఇందులో లేదు. అయిదేళ్ళలో 4,414 ఓట్లతో ఓడిన మనిషి అయిదు లక్షలతో ఎలా గెలిచారు? పట్టికలో విజేత, సమీప ప్రత్యర్థి తప్ప మూడోవారికి చోటు లేదు. 2019లో జనసేన అభ్యర్థి వి.వి. లక్ష్మీనారాయణకు 2,88,874 ఓట్లు వచ్చాయి. శ్రీభరత్‌కు అప్పుడు వచ్చిన 4,32,492తో కలిపితే 7,21,366. 2024లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ పొత్తులో ఉండగా ఆయనకు వచ్చినవి 9,07,467, అంటే కూడిక మీద మరో 1,86,101. 2024లో ఓడిన వైఎస్సార్ కాంగ్రెస్ ఓట్లు 4,36,906 నుంచి 4,03,220కి తగ్గాయి, అంటే 33,686 మాత్రమే. ఈ లెక్కలు నల్లబల్ల మీద వేసినప్పుడు పిల్లలు ఆ పెద్ద పట్టీని వేరే కళ్ళతో చూశారు. 2009 గడిదీ ఇదే లోపం: కాంగ్రెస్ నుంచి దగ్గుబాటి పురందేశ్వరి గెలిచిన ఆ ఎన్నికలో ప్రజారాజ్యం కూడా బరిలో ఉందన్న మాటే లేదు. ఆవిడే 2019లో బీజేపీ తరఫున ఇక్కడ పోటీ చేసి ఓడిపోయారని చెప్పే గడి కూడా లేదు.

కింది భాగంలో వేసిన పటం ఇప్పటి ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లది: శృంగవరపుకోట, భీమిలి, విశాఖ తూర్పు, దక్షిణం, ఉత్తరం, పశ్చిమం, గాజువాక. పటం సరైనదే, కానీ ఇది నియోజకవర్గాల పునర్విభజన తర్వాత 2009 నుంచి అమలైన రూపమని ఎక్కడా రాయలేదు. నగరంలో అంతకుముందు ఉన్నవి రెండు సీట్లే. సిటీ బస్సు ఎక్కి వెళ్ళే పెందుర్తివారు అనకాపల్లి ఎంపీకి, విజయనగరం జిల్లాలోని శృంగవరపుకోటవారు విశాఖ ఎంపీకి ఓటు వేయడం కొత్తవాళ్ళకు వింతగానే ఉంటుంది. పటం పక్కన రెండు ముక్కల వివరణ ఉంటే బాగుండేది.

పట్టిక అడుగున ఉన్న నంబరుకు ఫోను చేసి ఇవన్నీ ఓపికగా చెప్పాను. అవతలి పెద్దమనిషి అంతా విని, "మాస్టారూ, కొనీవోళ్ళకి గెలిసినోళ్ళ పేర్లుంటే సాలండి, ఓడినోళ్ళవి ఎవులు సూత్తారు?" అన్నారు. మల్లుదొర గెలిచినవారేనని గుర్తు చేస్తే కాసేపు మాట్లాడలేదు, తర్వాత "అదైతే తప్పేనండి, మల్లీ అచ్చులో దిద్దేత్తాం" అన్నారు.

లామినేషన్ గట్టిది, అంచులు లేవలేదు, అక్షరాలు వెనక బెంచీకి కనిపిస్తాయి. గ్రూప్స్‌కు చదివేవారు దీన్ని నమ్ముకొని జవాబులు రాయవద్దు. తప్పులు దిద్దగల టీచరు ఉన్న బడికైతే 180 రూపాయలు దండగ కాదు. అయిదింటికి మూడు ఇస్తున్నాను. మల్లుదొర పేరును మొదట మార్కరుతో రాశాను, డస్టరు తగిలి చెరిగిపోయింది. ఇప్పుడు తెల్ల స్టిక్కరు మీద బాల్ పెన్నుతో రాసి అంటించాను.