టెక్సోమాలో స్ట్రైపర్ వేట: బతికున్న షాడ్ మేలా, స్లాబ్ మేలా?

టెక్సోమా సరస్సులో స్ట్రైపర్, అంటే స్ట్రైప్డ్ బాస్ అనే చేపని, ఏ ఎరతో పట్టాలో ముందే చెప్పేస్తాను. పిల్లల్నో పెద్దవాళ్లనో వెంటబెట్టుకుని ఏప్రిల్, జూన్ మధ్యలో గైడ్ పడవ ఎక్కుతుంటే బతికున్న షాడ్ అనే ఎరచేప మేలు. సొంత పడవలోనో స్నేహితుడి పడవలోనో ఇద్దరు ముగ్గురు వెళ్తుంటే, అందులోనూ చలికాలమైతే, స్లాబ్ అనే సీసపు ఎరబొమ్మ మేలు. జూలై, ఆగస్టు ఎండల సంగతి వేరు, అక్కడికి తర్వాత వస్తాను. ఆరేళ్లుగా ప్లేనో నుంచి టెక్సోమాకి వెళ్లొస్తూ, రెండు రకాలుగానూ చేపలు పట్టి, రెండు రకాలుగానూ ఖాళీ ఐస్‌బాక్సుతో తిరిగొచ్చి తేల్చుకున్న మాట ఇది.

టెక్సోమా అంటే టెక్సస్, ఓక్లహోమా సరిహద్దులో రెడ్ రివర్ మీద కట్టిన డెనిసన్ డ్యామ్ వెనక నిలిచిన నీళ్లు. డ్యామ్ 1944లో పూర్తయింది. 75 హైవే ఎక్కితే మా ఇంటి నుంచి గంటంబావు. ఇక్కడ స్ట్రైపర్ ఇంత దండిగా ఎందుకుందో తెలిస్తే ఎర సంగతి సగం అర్థమైనట్టే. స్ట్రైపర్ అసలు సరస్సు చేప కాదు. అట్లాంటిక్ తీరంలో ఉప్పునీళ్లలో పెరిగి, వసంతంలో గుడ్లు పెట్టడానికి నదుల్లోకి ఎదురెక్కే చేప, మన పులస వరద నీళ్లకి గోదావరి ఎక్కినట్టే. దాని గుడ్లు రెండు రోజుల దాకా పారే నీళ్లలో తేలుతూ ఉండాలి, అడుగున బురదలో పడితే చచ్చిపోతాయి. అందుకే చాలా సరస్సుల్లో ఇది పెరుగుతుంది గానీ పిల్లల్ని చెయ్యలేదు. అట్లాంటా వాళ్లు వెళ్లే లేక్ లేనియర్‌లో ప్రభుత్వం పిల్లల్ని తెచ్చి వదులుతుంటేనే స్ట్రైపర్ ఉంటుంది. టెక్సోమాలో మాత్రం ఓక్లహోమా వాళ్లు 1965లో మొదలుపెట్టి 1974 దాకా పిల్లల్ని వదిలారు, ఆ తర్వాత చేపే దారి వెతుక్కుంది. పైన రెడ్ రివర్, వాషిటా రెండూ గుడ్లు తేలేంత పొడవున పారుతున్నాయి, నీళ్లలో కాస్త ఉప్పదనం కూడా ఉంది. అప్పటి నుంచి దాని సంతతిని అదే పెంచుకుంటోంది. మనిషికి రోజుకి 10 చేపలు ఉంచుకోనిస్తున్నారంటే కారణం అదే. ఆ 10లో 20 అంగుళాలు, ఆ పైన ఉన్నవి రెండే ఉండాలి. ఈ రెండు అన్న లెక్క గుర్తుపెట్టుకోండి, వేసవి దగ్గర పనికొస్తుంది.

ఇక్కడి స్ట్రైపర్‌కి ముఖ్యమైన తిండి షాడ్. రెండు రకాలుంటాయి. థ్రెడ్‌ఫిన్ చిన్నది, తోక పసుపు పచ్చగా ఉంటుంది, మహా సున్నితం, నీళ్లు 45 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి పడితే దానంతటదే చచ్చిపోతుంది. గిజార్డ్ షాడ్ పెద్దగా పెరుగుతుంది, కాస్త మొండిది. పోయినేడు మే నెలలో అమ్మ భీమవరం నుంచి వచ్చినప్పుడు పడవ మీదికి తీసుకెళ్లాం. గైడ్ ట్యాంకులోంచి ఓ గిజార్డ్ షాడ్‌ని చేతికిస్తే అటూ ఇటూ తిప్పి, పొట్ట కింద అంచు తడిమి చూసి, "ఒరే నాన్నా, ఇది పులస పిల్లలా ఉందిరా, దీన్నా ఎరేస్తున్నారు?" అంది. నేను ఆశ్చర్యపోయాను, ఎందుకంటే నిజంగానే పులస, షాడ్ ఒకే కోవ చేపలు. పుస్తకం చదివి నేను తెలుసుకున్నది ఆమె వేళ్లతో చెప్పింది.

ఇక బతికున్న ఎరతో రోజు ఎలా గడుస్తుందో చెప్తాను. గైడ్ మనకంటే చాలా ముందే, తెల్లారకముందే, మెరీనా దీపాల కింద విసురువల వేసి షాడ్ పట్టి ట్యాంకు నింపి ఉంచుతాడు. మనం ఎక్కేసరికి సగం పని అయిపోయినట్టే. సోనార్ తెర మీద చేపల గుంపు కనబడ్డాక పడవని అక్కడే నిలబెట్టి, షాడ్ ముక్కులోంచి హుక్ దూర్చి, పైన ఔన్సున్నరో రెండు ఔన్సులో సీసం గుండు కట్టి తిన్నగా కిందికి వదులుతారు. లోతు ముఖ్యం. స్ట్రైపర్ పైకి చూసి తినే చేప, ఎర దాని నెత్తి మీద ఉండాలి గానీ కడుపు కింద కాదు. అందుకే 30 అడుగుల దగ్గర గుంపు ఉంటే ఎరని 25, 27 అడుగుల్లో ఆపుతారు. రాడ్ హోల్డర్లో పెట్టేసి చూస్తూ కూర్చోవడమే. షాడ్ భయపడితే రాడ్ కొన టకటకా వణుకుతుంది, కింద ఏదో వచ్చిందని ముందే తెలుస్తుంది. ఆ అర నిమిషం కోసమే నేను ఇన్ని మైళ్లు వెళ్తాను అనిపిస్తుంది.

మనవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. చిన్నప్పుడు చెరువు గట్టు మీద వానపాము గుచ్చి, బెండు మునగ్గానే గాలం కర్ర ఒక్క గుంజు గుంజడం చేతికి అలవాటైపోయింది. ఇక్కడ వాడేది సర్కిల్ హుక్, అంటే కొన లోపలికి వంగిన గుండ్రటి కొక్కెం, దాంతో ఆ గుంజుడు పనికిరాదు. గుంజితే హుక్ నోట్లోంచి ఖాళీగా వచ్చేస్తుంది. చేప ఎర మింగి పక్కకి తిరిగి వెళ్తుంటే హుక్ దానంతటదే జారి మూతి మూలన పట్టుకుంటుంది, రాడ్ నీళ్లదాకా వంగాక రీల్ తిప్పడమే మన పని. పిల్లలకి ఇది పెద్దవాళ్లకంటే తేలిగ్గా వస్తుంది, వాళ్లకి మర్చిపోవాల్సిన అలవాటు లేదు కాబట్టి. మా ఏడేళ్ల పాప మొదటిరోజే నాలుగు పట్టింది, నేను రెండు పోగొట్టుకున్నాను. ఇంకో మేలు కూడా ఉంది. పాత రకం హుక్‌తో బతికున్న ఎర వేస్తే చేప లోపలిదాకా మింగేస్తుంది, అలాంటిదాన్ని నీళ్లలోకి వదిలినా లాభం లేదు. బతికున్న ఎర వాడేవాళ్లు సర్కిల్ హుక్ తప్ప ఇంకోటి వాడకూడదనే నా పట్టుదల.

మరి ఇంత బాగుంటే స్లాబ్ ఎందుకు? ఎందుకంటే పైన చెప్పిందంతా షాడ్ బతికుంటేనే. బతికున్న ఎర వేటలో అసలు కష్టం చేప పట్టడం కాదు, ఎరని మధ్యాహ్నం దాకా బతికించుకోవడం. మూడేళ్ల కిందట నేనూ నా స్నేహితుడూ గైడ్ ఖర్చు ఎందుకని వాడి పడవలో బయల్దేరాం. వల వెయ్యడం నాకు వచ్చు, గంటలో అరవై దాకా థ్రెడ్‌ఫిన్ పడ్డాయి, పొంగిపోయాం. వాటిని పలకల ఐస్‌బాక్సులో వేసి ఓ చిన్న గాలి పంపు పెట్టాం. ఎనిమిదిన్నరకల్లా సగం వెల్లకిలా తేలాయి, తొమ్మిదికి మిగతావి. షాడ్ ఆగకుండా ఈదే చేప, మూలలు ఉన్న డబ్బాలో పెడితే మూల మూలకీ ముక్కు కొట్టుకుని ఎర్రబడి చచ్చిపోతుంది. గుండ్రటి ట్యాంకే కావాలి, అందులో నీళ్లు మెల్లగా తిరుగుతుండాలి, అవి వదిలే మలినం వడకట్టాలి, అయోడిన్ లేని ఉప్పు కాస్త వెయ్యాలి, చల్లగా ఉంచాలి, కుళాయి నీళ్లు పోస్తే క్లోరిన్‌కే పోతాయి. చేతికి సన్‌స్క్రీన్ రాసుకుని ముట్టుకోకూడదు. ఇవన్నీ ఆ రోజు తర్వాతే నేర్చుకున్నాం. ఇప్పుడు 30 గ్యాలన్ల గుండ్రటి ట్యాంకు కొన్నాం, అందులో 30కి మించి వెయ్యం, ఎక్కువ పడితే వెంటనే నీళ్లలోకి వదిలేస్తాం. ఆ అరవై చేపలు ఎవరికీ కాకుండా పోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

చచ్చిన షాడ్ కూడా ఎరే కదా అంటారు. క్యాట్‌ఫిష్‌కి భేషైన ఎర. స్ట్రైపర్ కూడా ఒక్కోసారి ముక్కలు తింటుంది, కానీ గుంపు మీద నిలబడి తిన్నగా దించే పద్ధతిలో చచ్చిన షాడ్ కంటే స్లాబ్ వందరెట్లు నయం. ఆ రోజు మమ్మల్ని కాపాడింది స్నేహితుడి పెట్టెలో పడున్న రెండు తెల్ల స్లాబులే.

స్లాబ్ అంటే షాడ్ ఆకారంలో పోతపోసిన సీసం ముక్క, ఔన్సు నుంచి రెండు ఔన్సుల దాకా ఉంటుంది, నాలుగైదు డాలర్లకి వస్తుంది. అడుగుదాకా వదిలి, పైకి లాగి, మళ్లీ వదలాలి. ఎండాకాలంలో గుంపు ఆకలి మీద ఉంటే అడుగు నుంచి జోరుగా రీల్ తిప్పుకుంటూ వస్తే వెంటపడి కొడుతుంది. చలికాలంలో పూర్తిగా తలకిందులు, అడుగు మీద ఒకటి రెండు అడుగుల ఎత్తులో దాదాపు కదలకుండా పట్టుకోవాలి, కదిలీ కదలనట్టు. డిసెంబరు, జనవరిలో షాడ్ లోతుకి దిగిపోతుంది, విసురువలకి దొరకదు, దొరికినా చల్లటి నీళ్లకి సగం ప్రాణంతో ఉంటుంది. అప్పుడు ఆకాశం చూడాలి. గల్స్ అనే నీటిపక్షులు ఎక్కడ గుమిగూడి నీళ్ల మీదికి దూకుతున్నాయో అక్కడ కింద స్ట్రైపర్ షాడ్‌ని పైకి తరుముతోందన్నమాట. పడవ నెమ్మదిగా అక్కడికి పోనిచ్చి స్లాబ్ వదిలితే చాలు. వల లేదు, ట్యాంకు లేదు, తెల్లవారుజామున రెండింటికి లేవక్కర్లేదు, చేప కదిలితే అయిదు నిమిషాల్లో మనమూ కదలొచ్చు. చలికాలంలో ఎర కోసం పాకులాడేవాళ్లని చూస్తే వద్దని చెప్పాలనిపిస్తుంది.

స్లాబ్‌తో ఇబ్బంది మణికట్టు. రెండు గంటలు ఎత్తీ దించీ చేస్తే చెయ్యి పీకుతుంది, అమ్మలాంటి వాళ్లు, చిన్న పిల్లలు పావుగంటకే కూర్చుంటారు. పైగా మూడు కొక్కేల హుక్ ఉన్న స్లాబ్ పిల్లల మధ్య ఊగుతుంటే నాకు టెన్షన్. మేము ఒంటి హుక్ మార్చుకుని వాడతాం.

ఇప్పుడు వేసవి. జూలై నాటికి పైనీళ్లు కాగిపోతాయి, అడుగు నీళ్లలో ఆక్సిజన్ ఉండదు, పెద్ద స్ట్రైపర్‌కి చల్లదనం కావాలి, ఊపిరీ కావాలి, రెండూ దొరికే పలచటి పొరలో ఇరుక్కుని ఉంటుంది. అక్కడి నుంచి పోరాడుతూ పైకొచ్చిన చేప అలిసిపోయి, వేడి నీళ్లలో ఎంత జాగ్రత్తగా వదిలినా చాలాసార్లు బతకదు. వదిలాం కదా అని మనం సంతోషపడతాం, అది కాసేపటికి పడవకి దూరంగా తేలుతుంది. ఇందాకటి రెండు లెక్క ఇక్కడ వస్తుంది. పెద్ద గిజార్డ్ షాడ్ గుచ్చితే పెద్ద చేపలే వస్తాయి, 20 అంగుళాలు దాటినవి రెండు అయిపోయాక మూడోదాన్ని వదిలెయ్యాల్సిందే, అంటే చంపి పారేసినట్టే. అందుకే ఆ నెలల్లో బతికున్న ఎర వాడితే చిన్న థ్రెడ్‌ఫిన్‌లే వాడండి, పెద్దవి రెండు పడగానే చోటు మార్చమని గైడ్‌ని అడగండి, పరిమితి నిండితే రాడ్లు ఎత్తెయ్యండి. "సరదాకి ఇంకో గంట పట్టి వదిలేద్దాం" అనే మాట మే నెలలో చెల్లుతుంది, ఆగస్టులో చెల్లదు. నన్నడిగితే ఆగస్టులో తెల్లారుజామున నీటి పైపైన చేపలు ఎగిరే గంటసేపు తేలే ఎరబొమ్మతో ఆడుకుని, ఎండెక్కకముందే ఇంటికి వచ్చెయ్యడం మంచిది.

ఖర్చు విషయం త్వరగా. గైడ్‌కి మేము నలుగురం కలిపి టిప్‌తో సహా 800 డాలర్ల దాకా ఇచ్చాం. సొంతంగా అయితే పెట్రోలు, ర్యాంప్ ఫీజు, వల, ట్యాంకు కలిపి మొదటి ఏడాది అంతకంటే ఎక్కువే అవుతుంది, తర్వాత తగ్గుతుంది. స్లాబ్ అయితే మొదటి రోజు నుంచే చవక. సరస్సు రెండు రాష్ట్రాలదీ కాబట్టి, 12 డాలర్ల టెక్సోమా లైసెన్సు తీసుకుంటే రెండు వైపులా చెల్లుతుంది. టెక్సస్ వైపు విసురువల 14 అడుగుల వ్యాసం దాటకూడదు. ఇంకొకటి, మిగిలిన షాడ్‌ని ఇంటికో ఇంకో చెరువుకో తీసుకెళ్లే ఆలోచన పెట్టుకోకండి. నీళ్లతో పాటు వేరే చెరువులకి పాకే జీబ్రా మసుల్స్ అనే చిన్న ఆల్చిప్పలు టెక్సస్‌లో మొదట బయటపడింది 2009లో ఈ సరస్సులోనే, అందుకే పడవలో, ట్యాంకులో చుక్క నీళ్లు లేకుండా ఒంపేసి బయల్దేరడం చట్టం.

చివరికి వంటింటి లెక్క. ఏ ఎరతో పట్టినా చేప ఒకటే, కానీ గైడ్‌తో వెళ్తే ఒడ్డుకి రాగానే పది నిమిషాల్లో ఫిల్లెట్లు కోసి సంచిలో వేసి ఇచ్చేస్తాడు, తలలు, ముళ్లు పెలికాన్లకి పోతాయి. మనకి పులుసుకి కావాల్సింది ఆ తలే. ముందే చెప్పాలి, పొద్దున పడవ ఎక్కేటప్పుడే. ఫిల్లెట్‌లో చర్మం వైపు ఎర్రటి మాంసం చార ఒకటి ఉంటుంది, దాన్ని తీసెయ్యకపోతే వేపుడులో వాసనొస్తుంది. చింతపండు పులుసులో అయితే అంత తెలియదు. ఆ రోజు అమ్మ గైడ్ పక్కనే నిలబడి చేత్తో సైగ చేసి ఆరు తలలు ఐస్‌లో పెట్టించుకుంది. రాత్రి మూడు తలలు పులుసు పెట్టి, మిగతా మూడూ పక్కింటి విజయవాడ వాళ్లకి పంపించింది. ఈసారి నవంబరులో వస్తానంటోంది, చలికి కూర్చోగలదో లేదో చూసి, ఒక్క రోజుకైనా స్లాబ్ చేతికిచ్చి చూస్తాను.