ఒంటి వెంట్రుకలు తీసే స్ప్రే తెప్పించుకుంటున్న పెళ్ళికొడుకులకు, వాళ్ళ ఇంటివాళ్ళకు: జాగ్రత్త

"మగవాళ్ళ కోసం ప్రత్యేకం. నొప్పి లేదు, మంట లేదు, నిమిషాల్లో నున్నగా" అంటూ ఫోన్‌లో పదే పదే కనబడే నురగ స్ప్రే ఒకటుంది. నల్ల డబ్బా, బంగారు రంగు అక్షరాలు, చొక్కా లేని కండల మనిషి బొమ్మ. 699 రూపాయలు, పార్సిల్ చేతికొచ్చాక కడితే చాలు. దయచేసి కొనొద్దు. ఇప్పటికే ఇంటికి వచ్చి ఉంటే ఒంటికి పూయొద్దు. మా తమ్ముడికి రొమ్ము, పొట్ట, రెండు చంకలు కాలాయి, అదీ పెళ్ళి దగ్గర పెట్టుకుని. ఇదే డబ్బా ఇంకో పేరుతో కూడా నాకు కనబడింది, అందుకే పేరు కంటే గుర్తులు చెబుతున్నాను.

విషయం తెలిసినాక మా బంధువుల్లో ఒక పెద్దాయన, "మగోనికి బొచ్చు తీసుకునే పనేంది? రొమ్ము నిండా ఉంటేనే గదా మగతనం" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నాకు చాలా కోపమొచ్చింది. మా అబ్బ కాలంలో క్షవరం చేసే ఆయన ఇంటికొచ్చి గడ్డంతో పాటు చంకలు కూడా గీసి పోయేవాడు, దాన్నెవరూ వింతగా చూడలేదు. మా కడపలో ముస్లిం స్నేహితులకు చంకల్లో, బొడ్డు కింద వెంట్రుకలు 40 రోజులు దాటనీయకుండా తీసుకోవడం మతం నేర్పిన శుభ్రత. చిన్నప్పటి నుంచి అలవాటు కాబట్టి వాళ్ళకు ఇందులో దాచుకునేది ఏమీ లేదు. మే నెల ఎండలు 43, 44 డిగ్రీలకు పోతే చెమటకు చంకలు, గజ్జలు ఒరుసుకుని పొక్కేవాళ్ళున్నారు, వాళ్ళకు తీసేసుకుంటే హాయి. ఉంచుకోవడం ఇష్టమైనవాళ్ళు ఉంచుకుంటారు. ఎవరి ఒళ్ళు వాళ్ళది.

దానికి తోడు ఇప్పుడు పెళ్ళి నలుగంటే వాకిట్లో పీట మీద కూర్చోబెట్టి అత్తలు, వదినలు పిండి రుద్దే పని కాదు. హల్దీ అని పేరు పెట్టి, డ్రోన్ ఎగరేసి, పెళ్ళికొడుకును చొక్కా లేకుండా నిలబెట్టి పసుపునీళ్ళు కుమ్మరిస్తున్నారు. ఆ వీడియో రాత్రికల్లా ఊరందరి ఫోన్లలో తిరుగుతుంది. మా వాడికి రొమ్ము, భుజాలు, వీపు అంతా దట్టంగా ఉంటాయి. ఇంటర్ హాస్టల్లో పిల్లలు పెట్టిన పేరు వాడింకా మర్చిపోలేదు. ఆ వీడియోలో అట్లా కనబడకూడదనుకున్నాడు. అందులో తప్పేముంది?

తప్పు అమ్మినోళ్ళది. డబ్బాతో పాటు వచ్చిన కాగితంలో "15 నిమిషాలు ఉంచండి, దట్టంగా ఉంటే ఇంకొంచెం సేపు" అని ఉంది. "కాస్త చురుక్కుమంటే పని చేస్తున్నట్టు" అని కూడా ఉంది. వాడు కాగితంలో ఉన్నట్టే చేశాడు. కొట్టిన కాసేపటికి కుళ్ళిన గుడ్డు వాసన, ఆ వెంటనే మంట. పని చేస్తోంది కాబోలని పళ్ళు బిగబట్టి ఓర్చుకున్నాడు. కడిగితే వెంట్రుకలతో పాటు చంకలో పైచర్మం తెల్లటి పొరలా లేచి వచ్చింది.

ఎవరికీ చెప్పలేదు. తలుపేసుకుని కొబ్బరినూనె రాసుకున్నాడు. మర్నాడు అమ్మ, "ఏమ్రా, చేతులట్లా ఎడంగా పెట్టుకోని నడుచ్చాండావు?" అని అడిగితే ఒళ్ళు నొప్పులన్నాడు. ఆ రాత్రి బనీను రసికి రొమ్ముకు అంటుకుపోయి ఊడి రాకపోతే అప్పుడు నన్ను లేపాడు. నీళ్ళతో నానబెట్టి, అంగుళం అంగుళం ఊడదీశాము. ఎడమ చనుమొన చుట్టూ, బొడ్డు పక్కన బొబ్బలు చిట్లి పచ్చిపుండు. అంత నొప్పిలోనూ వాడన్న మొదటి మాట, "అమ్మకు చెప్పొద్దన్నా."

చర్మ డాక్టరమ్మ చూడగానే రసాయనంతో కాలిందని చెప్పింది. ఇట్లా కాల్చుకున్న మగవాళ్ళు ముదిరాక గానీ రారట. ఆమె చెప్పిందాంట్లో ఇది మాత్రం అందరికీ తెలియాలి. వెంట్రుక కెరటిన్ అనే ప్రొటీన్. ఈ క్రీముల్లో, నురగల్లో ఉండే థయోగ్లైకోలేట్ లవణాలు ఆ కెరటిన్‌ను గట్టిగా పట్టి ఉంచే గంధకపు బంధాలను తెంచుతాయి, అప్పుడు వెంట్రుక మెత్తబడి తుడిస్తే వచ్చేస్తుంది. అట్లా తెగాలంటే క్షారం ఘాటుగా ఉండాలి, ఆ ఘాటును కొలిచే పీహెచ్ అంకె 12 దాకా పోతుంది. తాంబూలంలో సున్నం ఎక్కువైతే నోరు పొక్కుతుందే, ఇదీ అంతే. నిజానికి చాలా క్రీముల్లో సున్నం కూడా ఉంటుంది. తోళ్ళ పరిశ్రమలో పశువుల తోలు మీది వెంట్రుకలు ఊడగొట్టేది కూడా సున్నం, సోడియం సల్ఫైడ్‌తోనే. మన చర్మం పైపొర కూడా కెరటినే కాబట్టి వెంట్రుక కరగడానికీ చర్మం కాలడానికీ మధ్య ఉండేది కొన్ని నిమిషాలే. పద్ధతిగా తయారు చేసిన క్రీముల మీద సాధారణంగా 10 నిమిషాలు దాటొద్దనీ, ముందు చిన్నచోట పూసి 24 గంటలు చూడమనీ, చనుమొనలకు, మర్మాంగాలకు తగలనీయొద్దనీ రాసి ఉంటుంది. మా వాడికొచ్చిన కాగితంలో వీటిలో ఒక్క ముక్క లేదు.

డబ్బా మీద మాత్రం "100 శాతం మూలికలు, రసాయనాలు లేవు" అని పెద్ద అక్షరాలు. కలబంద, చందనం వెంట్రుకను కరిగించవు. నురగ పూస్తే వెంట్రుక ఊడి వస్తోందంటే అందులో రసాయనం ఉన్నట్టే, లేదని రాశారంటే అబద్ధమే. "మళ్ళీ జన్మలో రావు" అన్నది ఇంకో అబద్ధం. చర్మం పైన ఉన్న వెంట్రుకే పోతుంది, కుదురు లోపల అట్లాగే ఉంటుంది.

ఆ డబ్బాను వెలుతురులో పెట్టి చూశాను. సౌందర్య సాధనాల నియమాలు, 2020 ప్రకారం తయారీదారు పేరు, పూర్తి చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలన్న తేదీ, కలిపిన పదార్థాల జాబితా లేబుల్ మీద ఉండి తీరాలి. బయటి దేశం సరుకైతే దిగుమతి చేసుకున్నవాళ్ళ చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఈ డబ్బా మీద ఉన్నది ఒక సెల్ నంబరు, వేలితో రుద్దితే చెరిగిపోయే తేదీ. మీరు కడప బజారు వై.వి. స్ట్రీట్‌లో కొన్నా, ఫోన్‌లో తెప్పించుకున్నా ముందు లైసెన్సు నంబరు వెతకండి. అది లేకపోతే మూత కూడా తీయొద్దు.

తర్వాత జరిగింది వినండి. ఆ నంబరుకు వాట్సాప్ చేస్తే, "విప్పిన సరుకు వాపసు తీసుకోము" అన్నారు. చర్మం కాలిందంటే, "కాలిన చోటల్లా ఫొటోలు తీసి పంపండి, కింది భాగం కూడా" అన్నారు. ఆ మాటతో మా వాడు ఆగిపోయాడు, ఇక వదిలేద్దామన్నాడు. మగవాడు ఇట్లాంటివి బయట చెప్పుకోలేడని వాళ్ళకు బాగా తెలుసు. పార్సిల్ పైన లోపలేముందో రాయకుండా, "గోప్యంగా పంపుతాము" అని గొప్పగా చెప్పుకునేది కూడా అందుకే. అట్లాంటి ఫొటోలు ఎవరడిగినా పంపొద్దు. డాక్టరు రాసిచ్చిన చీటీ, డబ్బా ఫొటో చాలు.

సందర్భం వచ్చింది కాబట్టి ఇంకో రెండు. కొన్ని కొట్లలో చవగ్గా దొరికే వెంట్రుకలు తీసే పొడుల్లో బేరియం సల్ఫైడ్ ఉంటుంది. అది కడుపులోకి పోతే రక్తంలో పొటాషియం పడిపోయి కండరాలు చచ్చుబడతాయి, ప్రాణం మీదికొస్తుంది. పిల్లలున్న ఇంట్లో అది ఉండనే కూడదు. రెండోది, సెలూన్లలో పెట్టే చవక లేజర్ ప్యాకేజీలు. లేజర్ వెతికేది నల్లరంగును. మన చామనఛాయ చర్మంలోనూ ఆ రంగు ఉంటుంది కాబట్టి మిషను, మోతాదు తెలియని చేతిలో పడితే చర్మం కాలి మచ్చలు పడతాయి. చేయించుకోవాలంటే చర్మ డాక్టరు దగ్గరికే వెళ్ళండి. ఒక్క విడతలో పని కాదు, నెలల తరబడి పడుతుంది, ముహూర్తం ముందు వారం మొదలుపెట్టే పని కాదది.

ఒంటి మీద మంట మొదలైతే కాగితంలో ఏముందని చూడొద్దు. మెత్తటి గుడ్డతో తుడిచేసి, కొళాయి కింద 20 నిమిషాలు చల్లటి నీళ్ళు పారనివ్వండి. పసుపు, టూత్‌పేస్టు, నూనె పూయొద్దు. బొబ్బలు లేస్తే అదే రోజు డాక్టరు దగ్గరికి పోండి. పెళ్ళికి తక్కువ రోజులున్నవాళ్ళకు డాక్టరమ్మ చెప్పింది ట్రిమ్మర్ ఒక్కటే. మొదళ్ళ దాకా తీయకుండా పొట్టిగా కత్తిరించుకుంటే ఫొటోల్లో నీటుగానే ఉంటుంది, చర్మానికి ఏమీ కాదు. మా వాడికి పసుపు నుదుటికి, పాదాలకు తాకించి నలుగు అయిందనిపించాము.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను, తెలుగులోనే మాట్లాడొచ్చు. సరుకు అమ్మిపెట్టిన ఆన్‌లైన్ సంస్థ ఫిర్యాదుల అధికారికి కూడా రాశాను. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు తేల్చాలి. తేల్చకపోతే మనం కాపురమున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. కొన్న సరుకు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ళ దాకా గడువుంది. మా తమ్ముడు సంతకం పెడతానన్నాడు. మీ ఇంట్లో ఎవరైనా ఇదే నల్ల డబ్బాతో కాల్చుకుని ఉంటే డబ్బా, అట్టపెట్టె, పార్సిల్ మీది చీటీ, డాక్టరు బిల్లు పారేయకుండా దాచి, నాకు మెసేజ్ పెట్టండి. మీ పేరు బయటికి రానివ్వను.