యాక్సిడెంట్ తర్వాత డ్యూయల్ కంట్రోల్ కారులో క్లాసులు: ఏడాది దాటాక నా అభిప్రాయం

యాక్సిడెంట్ అయ్యాక స్టీరింగ్ పట్టుకోవాలంటే వణుకుతున్నవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. డ్యూయల్ కంట్రోల్ కారులో రీఫ్రెషర్ క్లాసులకి తప్పకుండా వెళ్ళండి, కానీ వాటిని సాగదీయకండి.

పూతలపట్టు రోడ్డులో వెనక నుంచి లారీ గుద్దింది. పెద్ద దెబ్బలేం తగల్లేదు. కారు బాగై ఇంటికొచ్చినా తాళం ముట్టుకోలేకపోయాను. మిర్రర్‌లో లారీ కనబడితే చాలు, గొంతెండిపోయి కుడికాలు బిగుసుకుపోయేది. "కొన్నాళ్ళు తోలకు, అదే పోతుంది" అన్నారు ఇంట్లో. పోలేదు సరికదా, పెరిగింది. తప్పించుకున్న ప్రతిసారీ ప్రాణం తేలికపడుతుంది కదా, ఆ తేలికే భయాన్ని మేపుతుందని కౌన్సెలర్ చెప్పాకే అర్థమైంది. నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు తగ్గకపోతే ముందు డాక్టర్ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

డ్యూయల్ కంట్రోల్ కారులో ఇన్‌స్ట్రక్టర్ వైపు కూడా బ్రేకు ఉంటుంది. నేను మొదట చేరిన స్కూల్లో గద్దించడమే తప్ప ఓపిక లేదు, మానేశాను. రెండో చోట ఇన్‌స్ట్రక్టర్ నెమ్మదస్తుడు. "అక్కా, మిర్రర్‌లో ఏముందో పైకి చెప్తా ఉండండి" అనేవాడు. "వెనక ఆటో, దాని వెనక బస్సు, బస్సు స్లో అయింది" అని చెప్తూ పోతుంటే లారీ కూడా ఆ వరసలో ఒక బండి అయిపోయేది. దడ మొదలైతే పక్కకి ఆపించేవాడు గానీ దిగనిచ్చేవాడు కాదు. ఊపిరి మెల్లగా వదులుతూ, దడ తగ్గేదాకా సీట్లోనే కూర్చుని మళ్ళీ అదే రోడ్డులో ముందుకే. నన్ను బాగుచేసింది ఇదే.

లోపం కూడా ఆ రెండో బ్రేకులోనే ఉంది. కొన్నాళ్ళకి చూపు రోడ్డు మీద కంటే ఇన్‌స్ట్రక్టర్ కాలి మీదే ఉంటుంది. అది గమనించిన రోజే సొంత కారుకి మారాలి. ఆ మార్పు కష్టంగానే ఉంటుంది, మొదట తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, మా తిరుపతిలో తెల్లవారుజామున కపిలతీర్థం రోడ్డు మంచిది. ఆ తర్వాత, నమ్ముతారో లేదో, తిరుమల ఘాట్ నాకు హైవే కంటే సులువైంది. ఎక్కడానికి ఒక రోడ్డు, దిగడానికి ఇంకొకటి, ఎదురుగా బండ్లు రావు. వేగంగా దిగకుండా, ఇంత సమయం కంటే ముందే కిందికి చేరకూడదనే నియమం కూడా ఉంది కాబట్టి నిదానంగా పోతున్నామని బెంగ పడక్కర్లేదు. దిగేటప్పుడు న్యూట్రల్‌లో పెట్టకుండా సెకండ్ గేరులో ఉంచితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకులు అంతగా వేడెక్కవు.

హైవేని అన్నిటికంటే చివర్లో పెట్టుకున్నాను. ఇప్పుడు పగలు చిత్తూరు దాకా ఒక్కదాన్నే వెళ్ళొస్తున్నాను. రాత్రిపూట ఇంకా తోలట్లేదు. వచ్చే నెల నుంచి చీకటి పడే వేళకి చంద్రగిరి దాకా మొదలుపెడతాను.